టిక్ మనని ఆదివారం: టార్క్ రెంచీతో ఆరేళ్ల ఆయిల్ మార్పు

ఆ ‘టిక్’ శబ్దం కోసమే టార్క్ రెంచీ కొన్నాను, బోల్టుని ఇంతే బలంతో అని కొలిచి బిగించే పనిముట్టు అది. డబ్బు మిగులుతుంది, బోల్టు పాడవదు, మెకానిక్కు చుట్టూ తిరిగే పని తప్పుతుంది అన్నవన్నీ ఇంట్లో చెప్పుకున్న సాకులు.

బండి 2015 స్ప్లెండర్ ప్లస్. ఉండేది విశాఖపట్నంలో మర్రిపాలెం, పని గాజువాక. ఎన్‌ఏడీ కూడలి, షీలానగర్ మీదుగా రోజూ పోనూ రానూ పాతిక కిలోమీటర్ల లోపే. మూడు వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మారుస్తాను. 2019 నుంచి ఇప్పటికి 18 సార్లు అపార్టుమెంటు సెల్లారులో నేనే మార్చుకున్నాను. ఏ గ్రేడు పొయ్యాలి, ఎంత పొయ్యాలి అన్నవి సీసా మీదా బండి పుస్తకంలోనూ ఉంటాయి, వాటి జోలికి పోను. ఈ ఆరేళ్లలో నన్ను మురిపించిందీ ఏడిపించిందీ ఇంజను అడుగున, పాత ఆయిల్ దించడానికి విప్పే 17 నంబరు డ్రెయిన్ బోల్టు ఒక్కటే. దాన్ని ఎంతవరకు బిగించాలి, ఎక్కడ ఆపాలి అన్నదే నా గొడవంతా.

అసలు ఇంట్లో మొదలుపెట్టిందే ఆ బోల్టు మూలాన. నేను బండి ఇచ్చే చోట ఒక కుర్రాడు స్పానర్ పెట్టి, దాని మీద కాలేసి తొక్కాడు. బండి స్టాండు మీద ఊగింది. వాడి దృష్టిలో అది గట్టి పని. మొదటిసారి ఇంట్లో విప్పబోతే స్పానర్‌కి పైపు తొడిగితే గానీ కదల్లేదు. బోల్టు స్టీలు, అది కూర్చునే మర అల్యూమినియం. ఆ జగడంలో ఎవరు ఓడిపోతారో చెప్పక్కర్లేదు కదా.

ఆ భయంతో నేను మెత్తగా బిగించాను. దాని ఫలితం సెల్లారులో కనిపించింది. బండి కింద పొద్దున్నే రూపాయి బిళ్లంత నల్ల మచ్చ. తుడిస్తే మర్నాటికి మళ్లీ అంతే మచ్చ. మా సెక్రటరీగారు గోడ మీద కాగితం అంటించారు, పేరు రాయలేదు గానీ బండి నంబరులో చివరి నాలుగంకెలు రాశారు. మరోసారి ఇంకాస్త బిగించాను, కారలేదు, కానీ రాత్రి పడుకున్నాక ‘ఎక్కువ బిగించానేమో’ అని ఆలోచన. ఇలా మొదటి ఐదుసార్లు అటూ ఇటూ ఊగాను.

2020 చివర్లో పూర్ణా మార్కెట్ దగ్గర ఒక హార్డ్‌వేర్ కొట్లో ఈ టార్క్ రెంచీ కనిపించింది. అర అంగుళం సైజు, 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల దాకా గీతలు, 2,600 రూపాయలు. పిడి తిప్పి అంకె పెట్టుకుంటే అంత బలానికి టిక్ మంటుంది. నా బోల్టుకి 28 పెట్టుకున్నాను. లెక్క కావాలంటే, అడుగు పొడవున్న స్పానర్ చివర తొమ్మిదిన్నర కిలోల బరువు వేలాడదీస్తే పడే బలం అది. ఇంట్లో పది కిలోల బియ్యం సంచి ఎత్తి చూడండి, ‘ఇంతేనా’ అనిపిస్తుంది. కాలేసి తొక్కే కుర్రాడు దానికి ఎన్ని రెట్లు పెట్టాడో!

మొదటిసారి టిక్ మన్నప్పుడు చెవికంటే ముందు అరచేతికి తెలిసింది. ఎవరో మెటిక విరిచినట్టు పిడి చిన్నగా జారింది. అంతే, ఆపేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మచ్చ లేదు, అనుమానం లేదు. వరసగా ఏడుసార్లు అలాగే గడిచింది. కనిపించినవాళ్లందరికీ ‘కళ్లు మూసుకుని కొనుక్కోండి’ అని చెప్పాను. మధురవాడలో ఉండే మా బావమరిది నా మాట విని అదే కొన్నాడు. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనను. ఎందుకో చెప్తాను.

2023 జూలై, ఆదివారం, పొద్దున్న ఆరు. ఎన్‌ఏడీ దాకా వెళ్లొచ్చి ఇంజను వేడి చేశాను. పాత టబ్బులోకి నల్లటి ఆయిల్ దిగింది. కొత్త వాషరు వేశాను. మా ఊరి సముద్రపు గాలికి బోల్టులు ఇట్టే తుప్పుపడతాయని, మరలకి కాస్త ఆయిల్ కూడా పూశాను. ఇదొక తెలివనుకున్నాను అప్పట్లో. మా అమ్మాయి పక్కన కూర్చుని ఫోను లైటు పట్టుకుంది. చేత్తో తిప్పి బోల్టు ఆనేదాకా తెచ్చి, రెంచీ తగిలించాను. దాని పిడి దాదాపు అర మీటరు. బండి కింద అంత చోటు ఉండదు కాబట్టి కొంచెం తిప్పడం, వెనక్కి తేవడం, మళ్లీ కొంచెం తిప్పడం.

సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ మోటారు వేశాడు. మా నీళ్ల మోటారు సెల్లారులోనే, నా పార్కింగుకి నాలుగడుగుల దూరంలో. బేరింగు పోయి ఏడాదైంది, వేస్తే పైకప్పు అదిరిపోతుంది.

తిప్పాను. బిగుతు పెరిగింది. టిక్ లేదు. ఇంకొంచెం తిప్పాను. లేదు. రెంచీ మీద నమ్మకం ఎంత గట్టిదంటే, ‘టిక్ రాలేదంటే 28 రాలేదు’ అనే తప్ప వేరే ఆలోచనే రాలేదు. ఇంకో పావు చుట్టు. అప్పుడు పిడి ఒక్కసారిగా తేలికైపోయింది. అరటిపండులో మేకు తిప్పుతున్నట్టు మెత్తగా, ఎటు తిప్పితే అటు.

‘నాన్నా, టిక్ మందా?’ అంది మా అమ్మాయి.

‘నీకు వినపడిందా?’

‘మోటారే వినపడింది.’

బోల్టు బయటికి తీశాను. మరల గాడుల్లో సన్నటి వెండి తీగ చుట్టినట్టు అల్యూమినియం. గోటితో లాగితే చుట్టలు చుట్టలుగా ఊడొచ్చింది. ఇంజను ఒంట్లోంచి వచ్చిన తీగ అది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వాచ్‌మన్ దగ్గరకొచ్చి ‘ఏటైంది సార్? ట్యాంకు ఖాళీ అయిపోనాదని మోటారేసినాను’ అన్నాడు. అతన్ని ఏమనగలను? ఒకటే అదృష్టం, కొత్త ఆయిల్ ఇంకా పొయ్యలేదు.

ఆయిల్ లేని బండిని నడపకూడదు. సోమవారం సెలవు పెట్టి ట్రాలీ ఆటోకి 700 ఇచ్చి, ఆటోనగర్‌లో ఒక లేతు పని చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వేలు పెట్టి బోల్టు కన్నం లోపల తడిమి, నా వైపు చూశాడు. ‘ఏటి బాబూ ఇది? లారీ చక్రం బిగించినట్టు బిగించీసేరు?’ అన్నాడు. నేను గర్వంగా కాకపోయినా కొంత పౌరుషంగానే సంచిలోంచి టార్క్ రెంచీ తీసి చూపించాను, నేను కొలిచే బిగించాను అన్నట్టు.

ఆయన దాన్ని వైసులో, అంటే సామాను కదలకుండా పట్టే ఇనుప పట్టులో, పట్టించి 60 పెట్టి లాగాడు. లేతు తిరుగుతున్నా ఠక్కుమని వినపడింది. 28 పెట్టి నన్ను లాగమన్నాడు. చేతికి ఏదో చిన్న కదలిక, తెలిసీ తెలియనట్టు. తెలుసు కాబట్టి తెలిసింది, లేకపోతే తెలిసేది కాదు. ‘28 కాడ దీనికి గొంతే నేదు బాబూ. పెద్ద నట్లకి పెద్దదీ, చిన్న వాటికి చిన్నదీ’ అన్నాడు.

తర్వాత చదివి తెలుసుకున్నది కూడా ఇదే. ఈ రకం రెంచీల్లో తేడా నూటికి నాలుగు అటూ ఇటూ మించదనే భరోసా సాధారణంగా పై అంకెలో ఇరవై శాతం దగ్గర్నుంచే లెక్క. 210లో ఇరవై శాతం అంటే 42. అంటే నా రెంచీ మీద 28 అన్న గీత ఉంది గానీ, దాని మాట నమ్మాల్సింది 42 నుంచి. ఏడుసార్లు టిక్ వినపడిందంటే అది నిశ్శబ్దంగా ఉన్న ఆదివారాల పుణ్యం. పైగా నేను మరలకి పూసిన ఆయిలు. పొడి మరకి చెప్పిన అంకెనే ఆయిల్ పూసిన మరకి వాడితే, రాపిడి తగ్గి అదే బలానికి బోల్టు ఇంకా ఎక్కువ లాగుతుంది. మూడు తప్పులూ ఒకే రోజు కలిశాయి.

మా బావమరిది మీద కూడా కాసేపు అనుమానపడ్డాను, ఒప్పుకోవాలి. అతని రెంచీ ఎవరికో ఇచ్చి, నాది కారు చక్రాలకని పట్టుకెళ్లి, 110 మీదే పెట్టి నాలుగు నెలలు అట్టే ఉంచేశాడు. వాడాక అంకె కిందికి దించకపోతే లోపలి స్ప్రింగు నీరసిస్తుంది. ‘నీవల్లే’ అని ఫోను చేశాను కూడా. ‘బావా, స్ప్రింగు నీరసిస్తే టిక్ ముందే రావాలి గానీ రాకుండా ఎలా పోద్ది?’ అన్నాడు. నిజమే. ఫోను పెట్టేశాను.

రిపేరు మాత్రం చూడ్డానికి బావుంది. ట్యాంకులో పెట్రోలు తీసేసి, బండిని పాత లారీ టైరు మీద పక్కకి ఒరగబెట్టారు. పెద్దాయన డ్రిల్లు బిట్టుకీ, కన్నంలో మరలు కోసే ట్యాపుకీ గ్రీజు దట్టంగా పులిమాడు. రజను ఇంజను లోపలికి రాలకుండా గ్రీజుకే అంటుకోవాలని. రెండు చుట్లు తిప్పడం, వెనక్కి తియ్యడం, గుడ్డతో తుడవడం, మళ్లీ గ్రీజు. తొందరపడలేదు. తర్వాత పెన్నులో స్ప్రింగు లాంటి స్టీలు కాయిల్ ఒకటి ఆ కన్నంలోకి ఎక్కించాడు. ఇప్పుడు నా బోల్టు తిరిగేది ఆ స్టీలు మరలో. చివర్లో చవక ఆయిల్ అర లీటరు పోసి, ఇంజను స్టార్ట్ చెయ్యకుండానే దించేశాడు. దాంతో పాటు మెరిసే రేణువులు రెండో మూడో వచ్చాయి. మొత్తం 900 తీసుకున్నాడు. కంపెనీవాడు వేసిన మరకంటే ఇదే గట్టిదన్నాడు, ఇప్పటిదాకా ఒక్క చుక్క కారలేదు.

ఆ తర్వాత 10 నుంచి 60 దాకా ఉన్న చిన్న రెంచీ 1,900 పెట్టి కొన్నాను. 28 దానికి దాదాపు మధ్యలో పడుతుంది, టిక్ స్పష్టంగా వస్తుంది, మోటారున్నా చేతికి తెలుస్తుంది. అయినా ఇప్పుడు దాన్ని పూర్తిగా నమ్మను. మరలు పొడిగా తుడుస్తాను. వేళ్లతో ఆనేదాకా తిప్పి, బోల్టు తల మీద మార్కర్‌తో గీత గీస్తాను. కొత్త వాషరుతో నా బండికి అక్కడినుంచి పావు చుట్టుకీ అర చుట్టుకీ మధ్య టిక్ వస్తోంది. అర చుట్టు దాటినా రాకపోతే ఆపేసి, బోల్టు విప్పి చూడాలని నియమం పెట్టుకున్నాను. ఆ అవసరం ఇంకా రాలేదు.

పెద్ద రెంచీని పారెయ్యలేదు. గొలుసు సరిచేశాక వెనక చక్రం ఇరుసు నట్టుకీ, బావమరిది కారు చక్రాలకీ అదే. అక్కడ అంకెలు యాభై పైన, వందకి అటూ ఇటూ. ఆ పనిలో దానికి వంక పెట్టడానికి లేదు, గొంతు ఖంగుమంటుంది.

డబ్బు సంగతి దాచి ఏం లాభం. మెకానిక్కు కూలీ 150 చొప్పున 18 సార్లకి 2,700 మిగిలింది. రెండు రెంచీలూ రిపేరూ ట్రాలీ కలిపి 6,100 పోయింది. మా ఆవిడ ఈ కూడిక నాకంటే ముందే చేసింది.

పాత ఆయిల్ గురించి ఒక్క మాట. దాన్ని గెడ్డలో, అంటే మురుగు వాగులో, పొయ్యకండి, ఇక్కడ గెడ్డలన్నీ చివరికి చేరేది సముద్రానికే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో వాడేసిన ఆయిల్ కూడా ఉంది. నేను ఐదు లీటర్ల డబ్బాలో దాచి, నిండాక సర్వీసు షాపులో ఇచ్చేస్తాను, వాళ్ల పీపాతో పాటు తీసుకెళ్లే మనిషి వస్తాడు. సెంట్రింగు చెక్కలకి పుయ్యడానికని పక్క వీధి మేస్త్రీ రెండుసార్లు అడిగాడు, ఇవ్వలేదు.

మీరూ మొదలుపెట్టాలా అంటే నేను చెప్పలేను. నాకు సెల్లారుంది, ఆదివారం పొద్దున్న రెండు గంటల ఖాళీ ఉంది, బండి ఒక్క బోల్టు విప్పితే పనైపోయే రకం. నమ్మకమైన మెకానిక్కు వీధి చివరే ఉంటే నేను కూడా ఈ పని పెట్టుకునేవాణ్ణి కాదేమో. మేడ మీద ఉంటూ రోడ్డు పక్కన బండి పెట్టుకునేవాళ్లకి అసలే కుదరదు. పెద్ద రెంచీ ఒక్కటే కొని దాంతోనే డ్రెయిన్ బోల్టు బిగిద్దామనుకుంటే మాత్రం, నా దగ్గరికి రండి, ఆ వెండి తీగ చుట్ట ఇంకా అగ్గిపెట్టెలో ఉంది, చూపిస్తాను.

వచ్చే ఆదివారం 19వది. వాషరు తెచ్చి పెట్టాను. ఆరున్నర దాకా మోటారు వెయ్యొద్దని వాచ్‌మన్‌కి చెప్పాను. ‘మేడ మీదోళ్లు అరుస్తారు సార్’ అన్నాడు. శనివారం రాత్రే ట్యాంకు నింపుతానని చివరికి ఒప్పుకున్నాడు.