హోప్ ఐలాండ్ దగ్గర స్కిమ్మర్లు: ముందు పోటు, తర్వాతే హోటల్

ఇండియన్ స్కిమ్మర్ అనే నీటిపక్షి కోసమైతే కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద ఎంత నడిచినా లాభం లేదు. అక్కడ లకుముకిపిట్టలు, కొంగలు, అదృష్టముంటే నీటికుక్కలు. స్కిమ్మర్లు వాలేది కాకినాడ అఖాతానికి తూర్పున అడ్డుగా ఉన్న హోప్ ఐలాండ్ వైపు ఇసుక మేటల మీద. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చికల్లా చంబల్, మహానది తిన్నెల మీద గుడ్లు పెట్టుకోవడానికి వెళ్లిపోతాయి.

సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ బురదంతా తేలి పక్షులు ఎక్కడెక్కడికో చెదిరిపోతాయి. పడవ బురదలో కూర్చుందా, మళ్లీ నీళ్లెక్కేదాకా అక్కడే. పోటు ఎక్కేకొద్దీ మేటలు మునిగి, మిగిలిన కాస్త ఇసుక మీదికే గుంపంతా చేరుతుంది. కాబట్టి పోటు నిండడానికి రెండు గంటల ముందే అక్కడుండాలి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్నటి లెక్క పనికిరాదు.

పొద్దున్నే వెళ్లాలనేది ఇక్కడ సగమే నిజం. అఖాతం వైపు నుంచి చూస్తే ఉదయపు సూర్యుడు పిట్టల వెనకే ఉంటాడు, ఫొటోలో నల్లటి బొమ్మలే మిగుల్తాయి. మూడు దాటాక పోటు నిండే రోజు దొరికితే వదలొద్దు. మిట్టమధ్యాహ్నం మాత్రం ఇసుక మీది వేడిగాలికి ఈకలు మసకబారతాయి, లెన్సుని తిట్టి ప్రయోజనం లేదు.

జనంతో నిండిన షికారు బోటు దీనికి పనికిరాదు. అటవీశాఖ అనుమతి ముందే తీసుకుని చిన్న ఇంజను పడవ మాట్లాడుకోండి. కిరాయి కంటే ముందు "ఇంజను ఆపి గంట కూర్చోవాలి" అని తేల్చుకోండి. ట్రైపాడ్ వద్దు, పడవ అదురంతా దానికెక్కుతుంది. రెండు కిలోల బియ్యం పోసిన గుడ్డసంచి అంచు మీద పెడితే 500 మి.మీ. లెన్సు కుదురుగా నిలుస్తుంది. షట్టర్ వేగం 1/2500 సెకను. తెల్లపొట్ట తేలిపోకుండా ఎక్స్‌పోజర్ అర స్టాప్ (కెమెరాలో -0.5) తగ్గించండి.

గుంపు గాలికి ఎదురుగా కూర్చుంటుంది, లేచేదీ అటే. తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయంటే దగ్గరైపోయినట్టే, అక్కడే ఆగాలి. వేట చూడాలంటే ఓపిక కావాలి. స్కిమ్మర్ పొడుగాటి కింది ముక్కు నీళ్లలో ముంచి తిన్నగా గీత గీస్తూ పోతుంది. చేప తగిలిన క్షణాన తల పొట్ట కిందికి మడుచుకుంటుంది. చాలాసార్లు అదే గీత మీద వెనక్కొస్తుంది కాబట్టి మొదటిసారి దారి గమనించి, రెండోసారికి కెమెరా సిద్ధంగా ఉంచుకోండి.

బసకు కాకినాడే మేలు. యానాం పర్వాలేదు. దిండి రిసార్టులు కుటుంబంతో షికారుకి బాగుంటాయిగానీ ఈ పనికి మరీ దూరం.

ఒడ్డుకి రాగానే కెమెరాని మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవండి. పొడిగుడ్డతో రుద్దితే ఉప్పురవ్వలు గాజుని గీరేస్తాయి.