సిమోన్ వేయ్‌పై మూడు సాయంత్రాల ఉపన్యాసాలు (ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం)

ఫ్రెంచి తత్త్వవేత్త సిమోన్ వేయ్ జీవితం గురించి ఎం.వి.పి. కాలనీలోని ఒక మేడమీది హాలులో మూడు సాయంత్రాలు జరిగిన తెలుగు ఉపన్యాసాలకు 300 రూపాయలు రుసుము కట్టి వెళ్ళాను. ఎదుటివారి బాధకు స్పందించడం దయాగుణమా, లేక తప్పించుకోలేని కర్తవ్యమా అన్న ప్రశ్న చాలాకాలంగా నన్ను వేధిస్తున్నది కనుక, పెట్టిన డబ్బుకూ సమయానికీ ఈ ఉపన్యాసాలు తగినవేనని ముందే చెబుతాను.

మొదటి సాయంత్రం అన్నింటిలోకీ మేలైనది. 1909లో పారిస్‌లో ఒక వైద్యుని ఇంట పుట్టి, తత్త్వశాస్త్రం బోధించే ఉద్యోగానికి సెలవు పెట్టి, 1934 డిసెంబరులో ఆల్స్తోమ్ కర్మాగారంలోనూ, ఆ తర్వాత రెనో కార్ల ఫ్యాక్టరీలోనూ యంత్రాల ముందు కూలీగా నిలబడిన మనిషి కథను వక్త ఎక్కడా అతిశయోక్తి లేకుండా చెప్పారు. 1943 ఆగస్టులో, 34 ఏళ్ళ వయసులో, ఇంగ్లండులోని ఆష్‌ఫర్డ్‌లో క్షయతో మంచం పట్టి కూడా, జర్మనీ ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో ప్రజలకు దొరుకుతుందని తాను భావించిన రేషనుకు మించి తినడానికి ఆమె నిరాకరించారన్న మాట దగ్గర హాలంతా నిశ్శబ్దమైంది. ఆ నిరాకరణ వల్ల ఆకలిగొన్న ఏ ఒక్కరికీ ముద్ద అన్నం అందలేదు కదా అన్న సందేహాన్ని కూడా ఆయన దాచకుండా చర్చకు పెట్టారు.

రెండవ నాడు మైకు సరిగా పనిచేయలేదు. హక్కులకన్నా బాధ్యతే ముందని, ఆకలితో ఉన్నవాణ్ణి ఆదుకోగలిగి ఉండీ వదిలేయకపోవడం ఆ బాధ్యతలలో మొదటిదని వేయ్ లండన్‌లో చివరి రోజుల్లో రాసిన భాగాన్ని వివరిస్తున్నప్పుడు వెనుక వరుసల వారికి సగమే వినిపించింది.

నా అభ్యంతరమంతా మూడవనాటి అనువాదం మీద. వేయ్ నీతిచింతనకు ఆయువుపట్టయిన "attention" అన్న మాటను వక్త "ఏకాగ్రత" అన్నారు. ఏకాగ్రత అనగానే నొసలు ముడిచి, ఒళ్ళు బిగబట్టి చదివే పరీక్షల విద్యార్థి గుర్తుకొస్తాడు; సరిగ్గా ఆ బిగింపునే ఆమె కాదన్నారు. తన ఆలోచనలను పక్కన పెట్టి, మనసును ఖాళీగా, ఎదుటి మనిషి కోసం సిద్ధంగా ఉంచుకోవడం ఆమె ఉద్దేశం. "బిడ్డ మీదే ధ్యాస" అంటామే, ఆ "ధ్యాస" నాకు దగ్గరగా తోస్తుంది. మధ్యయుగపు యూరపు గాథ అయిన గ్రెయిల్ కథలో గాయపడిన రాజును అడగవలసిన ప్రశ్నగా ఆమె చెప్పినదాన్ని కూడా "నీవు అనుభవిస్తున్న వేదన ఏమిటి?" అని గ్రాంథికం చేయనక్కర్లేదు, మన వీధుల్లో దాన్ని "ఏమైంది నాయనా?" అనే అడుగుతారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలోని కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు, రోడ్డు మీద కూలిపోయిన అపరిచితులను చేతుల మీద మోసుకెళ్ళినవారిని చూసిన నగరమిది. ఆ ప్రస్తావన ఒక్కసారి కూడా రాకపోవడం నాకు వెలితిగా అనిపించింది.

ప్రశ్నలకు చివర్లో పది నిమిషాలే మిగిల్చారు. ఆసుపత్రి వసారాలో భర్త పక్కన నెలరోజులు గడిపిన ఒకామె లేచి, చుట్టూ అంతమంది బాధపడుతుంటే ఎవరి వైపని చూడాలని అడిగారు. వక్త వెంటనే జవాబివ్వలేదు. సభ ముగిశాక ఆయన వేదిక దిగి వచ్చి, ఆమె పక్క కుర్చీలో కూర్చుని, మీవారికి ఇప్పుడెలా ఉందమ్మా అని అడిగారు. మేము మెట్లు దిగుతున్నప్పుడు కూడా ఆమే మాట్లాడుతున్నారు, ఆయన వింటున్నారు.