విడివిడి ల్యాబులా, సెమ్ దాటి సాగే ఒకే ప్రాజెక్టా: ఏది మేలు?

ఇంజినీరింగ్ మూడో సెమ్‌లో పిల్లలు బ్రెడ్‌బోర్డు మీద 7483 ఐసీ గుచ్చి నాలుగు బిట్ల ఆడర్, అంటే కూడిక చేసే సర్క్యూట్, కడతారు. ఎల్ఈడీలు సరిగ్గా వెలిగితే రికార్డులో సంతకం. మరో సెమ్‌లో 8085 ప్రాసెసర్ కిట్ ముందు కూర్చుని ఐదుకు మూడు కలిపే ప్రోగ్రాం ఎక్కిస్తారు. 3E, 05, 06, 03, 80, 76... రికార్డు చూసి కీలు నొక్కుకుపోవడమే. ఎనిమిది వస్తుంది, మళ్లీ సంతకం. 'కూడు' అని చెప్పే ఆ 80 అనే ఒక్క బైటు కదిలించింది తాము చేత్తో కట్టినలాంటి ఆడర్‌నే అని వాళ్లకు తట్టదు. తట్టించేవాళ్లూ ఉండరు. ఆ ల్యాబు మేడంది, ఈ ల్యాబు సార్‌ది.

విడివిడి ల్యాబులు దండగని అనను. ఒక వారం ప్రయోగం పాడైతే ఆ వారంతోనే పోతుంది. ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకు ఇబ్బంది ఉండదు. బయటి ఎగ్జామినర్ వచ్చి మూడు గంటల్లో మార్కులు వేసి వెళ్లగలడు. మొదటి ఏడాది సీ ల్యాబుకైతే ఇదే పద్ధతి నయం.

అన్నీ కలిపి నాలుగో ఏడాదిలో ఒకే పెద్ద ప్రాజెక్టు పెడితేనో? దాని సంగతి అమీర్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు. బైండింగుతో సహా రెడీ!

నా ఓటు మూడో దారికి: ఒకే ప్రాజెక్టు సెమ్ సెమ్‌కూ పెరుగుతూ పోవాలి. మూడో సెమ్‌లో ఏఎల్‌యూ, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం. నాలుగులో దాన్నే సర్క్యూట్లను కోడ్‌గా రాసే వెరిలాగ్ భాషలో రాసి, రిజిస్టర్లు చేర్చి, రిస్క్-ఫైవ్ అనే ఇన్‌స్ట్రక్షన్ సెట్‌తో నడిచే చిన్న ప్రాసెసర్ కోర్‌గా పెంచడం. పది పన్నెండు ఇన్‌స్ట్రక్షన్లు చాలు. 1976 నాటి 8085 కంటే ఇది నేర్పడం తేలిక, పైగా ఓపెన్, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. మద్రాస్ ఐఐటీ వాళ్ల శక్తి ప్రాసెసర్లూ రిస్క్-ఫైవ్‌వే. ఐదులో ఓఎస్‌కు ఎంఐటీ వాళ్లు పాఠాల కోసం రాసిన చిన్న ఓఎస్ ఎక్స్‌వీ6 ఉంది. 2019లో వాళ్లు దాన్ని మామూలు పీసీల్లో ఉండే ఎక్స్86 నుంచి రిస్క్-ఫైవ్‌కు మార్చారు. పిల్లల కోర్ మీద అది నడవదు, ఎమ్యులేటర్‌లోనే నడపాలి. అయినా అందులోని అసెంబ్లీ చూసి బెదిరిపోరు, ఆ భాష అప్పటికే తెలుసు కాబట్టి. కంపైలర్ ల్యాబులో తమ కోర్‌కే కోడ్ పుట్టించొచ్చు.

చిక్కంతా అతుకుల దగ్గరే. మా దగ్గర మొదటిసారి ఒక సార్ వెరిలాగ్‌లో చెబితే తర్వాతాయన అదే పనికి వాడే మరో భాష వీహెచ్‌డీఎల్ పట్టుకున్నారు. రెండు వారాలు తిరగరాయడంతోనే గడిచాయి. ఏఎల్‌యూ తప్పిన పిల్లాడికి పై సెమ్‌లన్నీ తప్పుతూనే పోయే ప్రమాదమూ ఉంది. అందుకే ప్రతి సెమ్ మొదటి రోజున, కిందటి మెట్టు వరకు పనిచేసే కోడ్‌ను డిపార్ట్‌మెంటే అందరికీ ఇవ్వాలి. తనది టెస్టులు పాసైతే తనదే వాడుకుంటాడు. ఈ ఏర్పాటు చేయలేని కాలేజీ పాత పద్ధతిలోనే ఉండటం మంచిది.

ఈ దారిలో వచ్చిన ఓ అమ్మాయిని వైవాలో "కూడిక ఎక్కడ జరిగిందమ్మా?" అని అడిగాను. రికార్డు తెరవలేదు. సిగ్నళ్ల వేవ్‌ఫాం తెరిచి, క్యారీ సిగ్నల్ పైకి లేచిన చోట వేలు పెట్టి, "ఇక్కడ సార్" అంది.