సెలవుల దిగులుకి మూడ్ డైరీ యాప్ ఎంతవరకు పనికొస్తుంది, వాడి చూసి రాస్తున్నా

సెలవులు వస్తున్నాయంటే ఉండే హుషారు తీరా వచ్చాక ఉండదు, అయిపోయాక అయితే ఇంకా అన్యాయం, మనసంతా ఏదో వెలితి, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, పడుకుంటే నిద్ర రాదు. చాలామందికి ఉండేదే గానీ ఎవరూ పైకి చెప్పరు, అందరూ నవ్వుతున్న ఫొటోలు పెడుతుంటే నాకు దిగులుగా ఉంది అని ఎలా అంటాం చెప్పండి. అందుకే పోయిన సెలవులకి కాస్త ముందు ఒక మూడ్ డైరీ యాప్ వేసుకున్నా, ఇప్పటికీ వాడుతున్నా. ఇలాంటివి స్టోర్‌లో బోలెడున్నాయి, ఫీచర్లు అటూఇటూగా అన్నిట్లోనూ అవే, కాబట్టి పేరు వదిలేసి లోపల ఏముంటే తీసుకోవాలో చెప్తా.

ముందు నాకు బాగా నచ్చిన పేజీ గురించి. ఏదైనా ప్లాన్ ఉంటే ముందే అందులో రాసి, అది మనకి ఎంత సంతోషం ఇస్తుందనుకుంటున్నామో 10కి ఒక నంబర్ వేయాలి, అయిపోయాక నిజంగా ఎంత ఇచ్చిందో ఇంకో నంబర్ వేయాలి, అంతే, పక్కపక్కన రెండు గళ్ళు. ఇంట్లో అందరం కలిసే రోజుకి ముందు 9 వేశా, రాత్రికి వేసింది 4. కింద నోట్‌లో "నాన్న కూర్చునే చోటు ఖాళీగా ఉంది, ఎవరూ ఆ మాట ఎత్తలేదు" అని రాసుకున్నా. అదే వారంలో అక్కతో ఊరికే అలా నడిచొద్దాం అనుకున్నదానికి ముందు 3 వేస్తే తర్వాత 8 వచ్చింది, ఎందుకంటే దారంతా ఇద్దరం నాన్న గురించే మాట్లాడుకున్నాం. ఆ రెండు లైన్లు ఒకదాని కింద ఒకటి చూశాకే నాకు కావాల్సింది ఏంటో తెలిసింది.

ఇదేదో యాప్ వాళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడానికి సైకాలజిస్టులు మాట్లాడుతూ చేసే చికిత్సలో, ఎప్పట్నుంచో చేయించే పనే. మనం రేపటి సంతోషాన్నైనా బాధనైనా ఉన్నదానికంటే ఎక్కువ చేసి ఊహించుకుంటాం అని డేనియల్ గిల్బర్ట్, తిమోతీ విల్సన్ అనే సైకాలజిస్టులు చాలా ఏళ్ళు పరిశోధన చేసి చెప్పారు. 2010లో నెదర్లాండ్స్‌లో 1,530 మంది మీద వచ్చిన స్టడీ కూడా ఉంది, టూర్‌కి వెళ్ళబోయేవాళ్ళు వెళ్ళనివాళ్ళకంటే ముందు సంతోషంగా ఉన్నారట గానీ, తిరిగొచ్చాక చాలామందిలో ఆ తేడా లేదు, బాగా రిలాక్స్ అయి వచ్చినవాళ్ళలో మాత్రం కొంచెం ఉంది. అంటే ఎదురుచూడటంలోనే సగం ఆనందం అయిపోతుందన్నమాట. తెలిశాక నా మీద నాకు కోపం తగ్గింది, అది చిన్న విషయం కాదు.

రెండోది, చిన్న పనులు పెట్టుకునే క్యాలెండర్. మూడ్ బాగయ్యాక చేద్దాం అనుకుంటే ఆ రోజు రాదు, పని మొదలుపెడితేనే మూడ్ కదులుతుంది, దీన్నే బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. స్నానం, ఒక ఫోన్ కాల్, ఎండలో కాసేపు, ఈ సైజ్ పనులు పెట్టుకుంటేనే అవుతాయి, పెద్దవి పెట్టుకుంటే అవి చేయలేదని మళ్ళీ దిగులు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. పీహెచ్‌క్యూ-9 అని 9 ప్రశ్నలు ఉంటాయి, డిప్రెషన్ ఉందేమో చూడటానికి డాక్టర్లు వాడేవే, గత 2 వారాలు ఎలా గడిచాయని అడుగుతుంది, మొత్తం 27కి స్కోర్ వస్తుంది, 10 గానీ దాటి గానీ ఉంటే డాక్టర్‌ని కలవాలి. చివరి ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనే ఆలోచనలు, మనకి మనం హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించి. దానికి "అస్సలు లేదు" కాకుండా ఏది నొక్కినా ఆ స్క్రీన్ మీదే హెల్ప్‌లైన్ నంబర్ రావాలి, మెనూలో ఎక్కడో ఉంటే లాభం లేదు. నేను వాడేదాంట్లో వస్తుంది, మీరు వేసుకోబోయేదాంట్లో వస్తుందో లేదో మొదటిరోజే చూసుకోండి, రాకపోతే తీసేయండి.

ఇంకోటి, ఏడాది గ్రాఫ్ ఉన్నది తీసుకోండి. సెలవుల దిగులు మామూలుగా కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది, కానీ ఏటా చలికాలం రాగానే మొదలై ఎండలు వచ్చేదాకా వదలట్లేదంటే అది సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్ కావచ్చు, 1984లో నార్మన్ రోసెంతాల్ టీమ్ ఆ పేరు పెట్టింది. దానికి 10,000 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) లైట్ ముందు పొద్దున్నే ఓ అరగంట కూర్చోబెట్టే ట్రీట్‌మెంట్ ఉంది, డాక్టర్‌ని అడిగి చేయాలి.

ఇక నచ్చనివి. నాకు బాగా బాధేసింది నోటిఫికేషన్లు. నేను ఆ 4 వేసిన రాత్రే "ఈ సీజన్‌లో మీ ఆనందాన్ని అందరితో పంచుకోండి" అని రంగుకాగితాలు ఎగిరే బొమ్మతో మెసేజ్ వచ్చింది. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు, ఒంటరిగా ఉన్నవాళ్ళు, విడిపోయినవాళ్ళు, వీళ్ళే కదా ఇలాంటి యాప్ వేసుకునేది, వాళ్ళకి ఆ మెసేజ్ పంపొచ్చా అసలు? వరసగా ఎన్ని రోజులు రాశామో లెక్కపెట్టే స్ట్రీక్ కూడా అంతే, ఒక్కరోజు రాయకపోతే లెక్క మళ్ళీ సున్నా నుంచి, లేవలేకపోయిన రోజుకి అదొక శిక్ష. సెట్టింగ్స్‌లో ఆ మెసేజ్‌లని మాత్రమే విడిగా ఆపలేం, రిమైండర్ ఆపితే నేను పెట్టుకున్న చిన్న పనుల అలారం కూడా పోతుంది.

లాక్ ఉంది, రాసినవన్నీ పీడీఎఫ్‌గా తీసుకోవచ్చు. కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళినప్పుడు అదే చూపించా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక తడబడే పని తప్పింది, ఆవిడ నేరుగా ఆ 4 దగ్గర ఆగి అడిగారు.

5కి మూడున్నర ఇస్తున్నా. పండగ మెసేజ్‌లు వద్దు అనే బటన్ ఒక్కటి పెడితే ఇంకో స్టార్ ఇస్తా, సపోర్ట్‌కి రాశా కూడా, ఇంకా జవాబు రాలేదు.