పెళ్లికి ముందు డిటాక్స్ ప్యాకేజీ కొంటున్నారా? ముందు ఇది చదవండి

పెళ్లి కుదిరినవాళ్లకు, ముఖ్యంగా ‘ఏడు రోజుల్లో పెళ్లి కళ’ అనే ప్రకటనలు చూసి ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లకు రాస్తున్నాను. ఒంట్లోని విషాలు బయటకు పంపి బరువు తగ్గిస్తామనే ఆ డిటాక్స్ ప్యాకేజీ నేనూ కొన్నాను. పెళ్లి రోజు అందరి ముందూ కళ్లు తిరిగి పడిపోయాను.

పగలు రెండు పూటలా భోజనం మానేసి ఒక పొడి కలుపుకుని తాగాలి. రాత్రి పడుకునే ముందు ఇంకో ప్యాకెట్ వేడినీళ్లలో వేసుకోవాలి. ఏడో రోజు పెళ్లి రోజు అయ్యేలా మొదలుపెట్టమన్నారు. మూడో రోజుకే రెండు కిలోలు తగ్గేసరికి ఎంత సంబరపడ్డానో! తగ్గింది కొవ్వు కాదని డాక్టర్ చెప్పేదాకా తెలియలేదు. తిండి మానేస్తే ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ ఉండే చక్కెర) ముందు ఖర్చవుతుంది, దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరు పోతుంది. మామూలుగా తినడం మొదలుపెట్టగానే ఆ బరువు మళ్లీ వచ్చేస్తుంది.

పెళ్లి రోజు పొద్దున్నే నాలుగుసార్లు బాత్రూమ్‌కి పరుగెత్తాను. టెన్షన్ వల్లే అనుకున్నాను. ఖాళీ కడుపుతో కాఫీ తాగాను. మేకప్ అయ్యాక లిప్‌స్టిక్ పోతుందని స్ట్రాతో రెండు గుక్కల నీళ్లు, అంతే. ఫొటోలకు నిలబడి అరగంట దాటేసరికి వేళ్లు చల్లబడ్డాయి, చెవుల్లో గుయ్‌మని మోత. ఎదురుగా ఉన్న లైటు చుట్టూ చీకటి కమ్ముకొచ్చింది. కళ్లు తెరిచేసరికి మా అక్క ఒళ్లో తల ఉంది, తను ఏడుస్తూ నా అరచేతులు రుద్దుతోంది. ఒంట్లో నీరు తగ్గి బీపీ పడిపోయిందని సెలైన్ పెట్టారు. మా పెళ్లి భోజనం రుచి ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాట తలుచుకుంటే ఇవాళ్టికీ బాధేస్తుంది.

తర్వాత, రాత్రిపూట తాగిన ఆ ప్యాకెట్‌ను తిప్పి చూశాను. ఆన్‌లైన్‌లో ‘సహజ మూలికలు’ అని మాత్రమే రాశారు. ప్యాకెట్ వెనక చీమంత అక్షరాల్లో ‘సునాముఖి ఆకు’ అని ఉంది. అది విరేచనాల మందు. రాత్రి తాగితే 6 నుంచి 12 గంటల్లో పనిచేస్తుంది. అంటే సరిగ్గా పెళ్లి రోజు పొద్దున్నే! మలబద్ధకానికి డాక్టర్లు ఇచ్చే మందే గానీ, బరువు తగ్గడానికి కాదు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, “విషాలు బయటకు పోతున్నాయి మేడం, మంచి లక్షణమే” అన్నారు. ఆ పని మన కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉంటాయి, దానికి ఏ పొడీ అక్కర్లేదు. డబ్బు వాపసు ఇవ్వలేదు.

మొన్న మా చెల్లి పెళ్లికి మాత్రం నేను పక్కనే కూర్చున్నాను. మేకప్‌కి ముందే కడుపునిండా టిఫిన్ పెట్టించాను, అందులో గుడ్డు ఉండేలా చూశాను, ఎందుకంటే మాంసకృత్తులు ఉంటే ఆకలి తొందరగా వేయదు. తనకు అలవాటు లేనిదేదీ ఆ రోజు ముట్టనివ్వలేదు. నా సంచిలో నీళ్ల సీసా, అరటిపండు ముక్కలు పెట్టుకుని గంటకోసారి తన చేతికిచ్చాను. “వద్దక్కా, పొట్ట కనిపిస్తుంది” అంది. తినేదాకా కదల్లేదు. ఇంకో విషయం, వధూవరుల భోజనం ముందే తీసి పక్కన పెడతామంటే ఒప్పుకోకండి. వండినది బయట రెండు గంటలకు మించి ఉంటే ప్రమాదం. మీరు కూర్చున్నాకే వేడిగా వడ్డించమనండి, ఆ బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పగించండి.

ఇప్పటికే ఇలాంటి ప్యాకేజీ కొన్నవాళ్లు, విప్పకపోతే వెంటనే వాపసు అడగండి. వాడుతున్నవాళ్లు పదార్థాల జాబితాలో సునాముఖి అని గానీ, దాని ఇంగ్లీషు పేరు సెన్నా అని గానీ ఉందేమో చూడండి. ఉంటే ఇవాళ రాత్రి ప్యాకెట్ తాగకండి. నీరసంగా, గుండె దడగా ఉంటే పెళ్లి పనులు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆ ప్యాకెట్ కూడా తీసుకెళ్లి చూపించండి.