పెట్రోలు ఇన్నోవాకి గ్యాసు ట్యాంకు: కిందా, లోపలా?

మా పెట్రోలు ఇన్నోవాకి ఎల్‌పీజీ కిట్టు పెట్టించి చాలా ఏళ్ళయింది. ఇంజను గురించి, కిట్టు గురించి నేనేమీ రాయను. సీక్వెన్షియల్ కిట్టు (ఇంజనులో ఒక్కో సిలిండరుకి విడివిడిగా గ్యాసు అందించే రకం) వేయించి ట్యూనింగ్ సరిగ్గా చేయిస్తే అక్కడ పెద్ద గొడవేం ఉండదు, బాగోలేకపోతే మార్చుకోవచ్చు కూడా. ట్యాంకు అలా కాదు, ఒకసారి బండి నేలకి కన్నాలు పెట్టి బిగించాక బండి అమ్మేదాకా అది అక్కడే ఉంటుంది. అందరూ కిట్టు కంపెనీ గురించి వారం రోజులు ఆరా తీసి, ట్యాంకు ఎక్కడ పెట్టాలో మాత్రం షెడ్డువాళ్ళకి వదిలేస్తారు.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, మా బావది భీమవరం అవతల చెరువుల మధ్య. ఇద్దరివీ ఒకటే రకం బండ్లు. నాకు లోపల, మూడో వరస సీటు వెనకాల, అడ్డంగా పెట్టిన 60 లీటర్ల సిలిండరు ట్యాంకు ఉంది. బావకి బండి కింద, స్టెప్నీ వేలాడే చోట గుండ్రటి ట్యాంకు, గారెలా మధ్యలో కన్నం ఉండేది. రెండూ దగ్గరుండి చూశాను, రెండు బండ్లూ నడిపాను. మా గోదావరి డెల్టా రోడ్ల మీద తిరిగే ఇన్నోవాకి లోపలి ట్యాంకే మేలని నా లెక్క.

కింద పెట్టించుకోమనేవాళ్ళు మొదట చెప్పేది డిక్కీ మిగులుతుందని. చిన్న కార్లలో స్టెప్నీ గుంట డిక్కీలోనే ఉంటుంది, ఆ లెక్క వేరు. ఇన్నోవాకి స్టెప్నీ కిందే ఉంటుంది కదా, ఆ చోటు ట్యాంకుకి ఇచ్చేస్తే స్టెప్నీ ఎక్కడికి పోవాలి? డిక్కీలోకే, బురద టైరుతో సహా. స్టెప్నీ లేకుండా తిరగండి, పంక్చర్ కిట్టు పెట్టుకోండి అని షెడ్డులో బావకి సలహా కూడా ఇచ్చారు. రాత్రి పదింటికి అంతర్వేది నుంచి వస్తూ టైరు పక్క చిరిగితే పంక్చర్ కిట్టు ఏం చేస్తుంది చెప్పండి.

రెండోది ఎంత గ్యాసు పడుతుందన్నది. ఏ ట్యాంకైనా 80 శాతం వరకే నిండుతుంది, ఎండకి ద్రవం వ్యాకోచించడానికి ఖాళీ ఉండాలి కాబట్టి ట్యాంకు మీద ఉండే మల్టీవాల్వు (గ్యాసు నింపడం, వదలడం, ఆపడం అన్నీ చూసుకునే వాల్వు) అక్కడే ఆపేస్తుంది. నా 60 లీటర్ల దాంట్లో 48 పడుతుంది. బావది 630 మిల్లీమీటర్ల వెడల్పు, 200 ఎత్తు, అంటే 45 లీటర్ల దగ్గర, అందులో పట్టేది 36. పెట్రోలు కంటే గ్యాసు లీటరుకి తక్కువ దూరమే వస్తుంది, నా బండికి లీటరుకి ఏడున్నర అనుకుంటే నాకు 360 కిలోమీటర్లు, బావకి 270. మా పల్లెల్లో ఆటో ఎల్‌పీజీ బంకులు ఎక్కడున్నాయండీ, పట్నం వెళ్ళినప్పుడే నింపుకోవాలి. ఆ 90 కిలోమీటర్ల తేడా నాకు చాలా పెద్దది.

ఇంకా ఎత్తైన గుండ్రటి ట్యాంకు వేస్తే ఎక్కువ పడుతుంది కదా అంటారు. పడుతుంది, నేలకీ అంత దగ్గరవుతుంది. అసలు చిక్కంతా ఇక్కడే. ఈ ట్యాంకు వెనక ఇరుసుకి కూడా వెనకాల వేలాడుతుంది, ఎనిమిది మంది ఎక్కితే వెనకభాగం ఎలాగూ కుంగుతుంది, ఆ బరువుతో ఏటిగట్టు మీంచి కిందికి దిగేటప్పుడు వాలు అయిపోయే చోట ముందు తగిలేది అదే. యూరప్ నియమాల ప్రకారం ముందూ పక్కలా రక్షణ లేకపోతే ట్యాంకు నేలకి 200 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. మా దగ్గర ఖాళీ బండి కింద టేపు పెట్టి కొలిచి సరిపోయిందంటారు. మనుషులందర్నీ ఎక్కించి కొలవమనండి.

తగలడం కంటే తుప్పు పెద్ద బాధ. బావవాళ్ళ వైపు రొయ్యల వాన్లు రోడ్డు పొడుగునా ఉప్పునీళ్ళు కార్చుకుంటూ పోతాయి, ఆ నీళ్ళన్నీ వెనకొచ్చే బండ్ల కిందికే చిమ్ముతాయి. పైగా సముద్రపు గాలి. ట్యాంకు మీద పెయింటు బయటికి బాగానే కనిపిస్తుంది గానీ, దాన్ని పట్టి ఉంచే ఇనప పట్టీ కింద, గార్డు లోపల ఒండ్రు పేరుకుని ఎప్పుడూ తడిగానే ఉంటుంది. లంకల వైపు కాజ్‌వేల మీంచి నీళ్ళలో దాటినప్పుడల్లా ఇంకొంచెం చేరుతుంది. బావ బండి అలా నీళ్ళు దాటొచ్చిన రోజున దానంతటదే పెట్రోలుకి మారిపోయేది, చూస్తే ట్యాంకు మీద కరెంటు వాల్వు కనెక్టరు పచ్చగా చిలుము పట్టి ఉంది. అది చిన్న ఖర్చే. కానీ పొద్దున్నే పెళ్ళికి బయల్దేరిన బండి అలా చేస్తే ఆ టెన్షన్ వేరు.

ఇప్పుడు లోపలి ట్యాంకు మీద ఉన్న అసలైన అభ్యంతరం. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే పైకి పోదు, కిందే పరుచుకుంటుంది. బండి కింద లీకైతే చాలావరకు గాలికి పోతుంది, లోపల లీకైతే కాళ్ళ దగ్గర నిలబడుతుంది. నిజమే, కాదనను. అందుకే లోపల పెట్టే ట్యాంకుకి మల్టీవాల్వు మీద గాలి చొరని డబ్బా ఒకటి ఉంటుంది, దాన్నుంచి లావుపాటి ముడతల గొట్టాలు నేల కన్నంలోంచి బయటికి వస్తాయి, గ్యాసు పైపులు కూడా ఆ గొట్టాల్లోంచే వెళ్ళాలి. లీకైనా వాసన రోడ్డు మీదికి పోవాలి తప్ప సీట్లలోకి రాకూడదు. ఈ డబ్బా మూతకి రబ్బరు వాషరు లేకుండా, గొట్టాలకి క్లిప్పులు లేకుండా బండి ఇచ్చేసే షెడ్డులున్నాయి, నాకిచ్చినప్పుడు ఒక క్లిప్పు లేదు, అడిగి వేయించుకున్నా. ఇంకో సంగతి ఏ షెడ్డులోనూ చెప్పరు: ఆ గొట్టం బయటి చివర కుమ్మరి పురుగు మట్టిగూడు కడుతుంది. బండి నాలుగు రోజులు కదలకుండా ఉంటే చాలు. సర్వీసింగుకి ఇచ్చినప్పుడల్లా వేలు పెట్టి చూసుకుంటాను.

వాసన వచ్చినప్పుడు ఏం చేస్తారన్నది కూడా ఆలోచించాలి. బండి ఆపి, తలుపులన్నీ తీసి, మల్టీవాల్వు మీద ఉండే చేతి ట్యాపు కట్టేయాలి. నాకు డిక్కీ తెరిచి మూత తిప్పితే అందుతుంది. బావ అయితే కొత్త చొక్కాతో బురదలో పడుకుని కిందికి దూరాలి.

లోపలి ట్యాంకుతో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. మూడో వరస సీటు వెనక్కి వాల్చడం మర్చిపోండి. పెద్ద సూట్‌కేసులు పట్టవు, మా ఆవిడ అన్నవరం ప్రయాణం పెట్టినప్పుడల్లా సామానంతా పైన క్యారేజీకి ఎక్కించాల్సిందే, ఎక్కించినంతసేపూ నాకు చీవాట్లే. ట్యాంకు సగంలో ఉన్నప్పుడు బ్రేకు వేస్తే లోపల ద్రవం కదిలే చప్పుడు వెనకవాళ్ళకి వినిపిస్తుంది. నిండుగా ఉంటే గ్యాసే 26 కిలోల దాకా ఉంటుంది, ఇనుము బరువు వేరే, వెనక స్ప్రింగులు కొంచెం తొందరగా అలిసిపోయాయి. వెనక నుంచి గుద్దితే ప్రమాదం కాదా అంటారు గానీ, స్టెప్నీ చోటు కూడా ఆ వెనకే ఉంది, ఆ విషయంలో రెండూ ఒకటే.

బిగించేటప్పుడు దగ్గరే నిలబడండి. ట్యాంకు మీద మల్టీవాల్వు ఎన్ని డిగ్రీల వాలులో ఉండాలో రాసి ఉంటుంది, ట్యాంకుని అంతకంటే తిప్పి బిగిస్తే లోపల ద్రవం మట్టంతో పాటు లేచే ఫ్లోటు లెక్క తప్పి 80 దగ్గర ఆగదు, లేదా ముందే ఆగిపోతుంది. బోల్టులు రేకుకి కాదు, వీలైతే ఛాసిస్ అడ్డపట్టీకి పడాలి, లేకపోతే కింద వెడల్పాటి ఇనప ప్లేట్లు వేయాలి. డ్రిల్లు పెట్టేముందు కింద బ్రేకు పైపు, వైర్లు ఎటు పోతున్నాయో చూడమనండి. గ్యాసు నింపే నోరు బయటికే ఉండాలి, డిక్కీ లోపల పెడతానంటే ఆ షెడ్డు నుంచి బండి తెచ్చేసుకోండి. ఆర్‌సీలో మార్పు రాయించడం ఎలాగూ తప్పదు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అదే చెబుతుంది, ఇన్సూరెన్సుకి కూడా చెప్పాలి. వంటింటి సిలిండరు సీటు కింద పెట్టి నడిపే మహానుభావుల గురించి నేనేం మాట్లాడను, అది నేరం, దానికి 80 శాతం దగ్గర ఆపే వాల్వు కూడా ఉండదు.

ఎప్పుడూ తారురోడ్డు మీదే, రాజమండ్రి నుంచి విశాఖకి హైవే మీద తిరిగే బండైతే, వెనక సీట్లు రోజూ నిండుతుంటే, కింద పెట్టించుకోండి, తప్పేం లేదు. సైలెన్సరుకీ ట్యాంకుకీ మధ్య వేడి తగలకుండా రేకు మాత్రం వేయించండి.

అయిదేళ్ళకోసారి ట్యాంకు విప్పి నీటి ఒత్తిడి పరీక్షకి పంపాలి. నాది బోల్టులు తీస్తే వచ్చేసింది, పాసై మళ్ళీ ఎక్కింది. బావది విప్పడానికే బోల్టులు కోయాల్సి వచ్చింది, పట్టీ కింద తుప్పు చూసి పరీక్ష కూడా చేయకుండా వెనక్కి పంపేశారు. కొత్త ట్యాంకు కొన్నాడు. లోపల పెట్టించరా బాబూ అని నేనూ మా మేనల్లుడూ మొత్తుకున్నాం గానీ, పిల్లల వెనకాల గ్యాసు పెడితే నేను బండెక్కను అంది మా అక్క. మళ్ళీ కిందే పెట్టించాడు. ఈసారి విప్పడానికి వీలుగా ఉండే గార్డు చేయించి, నెలకోసారి దాన్ని తీయించి లోపలంతా మంచినీళ్ళతో కడిగిస్తున్నాడు.