మెకెలెన్‌లో ఎనిమిది బల్లలు: బెజవాడ నుంచి బెల్జియం జట్ల పోటీకి

బల్ల మీద బొమ్మల సేనలతో ఆడే యుద్ధక్రీడలకి విదేశాల్లో జట్ల పోటీలు జరుగుతాయని మనవైపు చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు అడిగేవి మాత్రం ఎప్పుడూ అవే ప్రశ్నలు: వీసా ఎలా, బొమ్మలు విరక్కుండా ఎలా తీసుకెళ్ళాలి, ఎక్కడ దిగాలి, ఏం తినాలి. బెల్జియంలోని మెకెలెన్‌లో వార్‌హామర్ 40,000 జట్ల పోటీ ఆడి వచ్చాక నా జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఒంటరిగా ఊళ్ళు చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి వీటిలో కొన్ని నప్పవు.

ముందు ఆట సంగతి చెప్పాలి, ఎందుకంటే బస దగ్గర్నుంచి విమానం దాకా అన్నీ దాన్నిబట్టే ఎంచుకోవాలి. 60 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు ఉన్న బల్ల. ఇటూ అటూ 2,000 పాయింట్ల విలువైన సేనలు, పాచికలు, కొలతకి ఒక టేపు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ 1987లో మొదలుపెట్టిన ఆట ఇది. జట్ల పోటీలో ఒక్కో జట్టుకి ఎనిమిదిమంది. ప్రతి బల్ల మీదా ఇద్దరూ పంచుకోడానికి 20 పాయింట్లుంటాయి, ఎనిమిది బల్లలకీ కలిపి 160. జట్టు 85 దాటితే గెలుపు, 75 నుంచి 85 మధ్య వస్తే సమం. అందుకని ఒక్కోసారి మన బల్ల మీద ఓడిపోతూ కూడా ఎనిమిది పాయింట్లు లాక్కొస్తే జట్టు గెలుస్తుంది. నాకు ఈ ఆట మీద ప్రేమ పుట్టింది అక్కడే.

అసలు యుద్ధం పాచిక పడకముందే, ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే పెయిరింగ్ దగ్గర మొదలవుతుంది. కెప్టెన్లిద్దరూ ఒక్కో ఆటగాణ్ణి పేకముక్క మూసి వేసినట్టు ముందుకి తోసి, ఒకేసారి తెరుస్తారు. ఆ మనిషి మీదకి ఎదుటి జట్టు ఇద్దర్ని పంపుతుంది. ఇద్దరిలో ఒకర్ని మనం ఎంచుకుంటాం, రెండో మనిషి వెనక్కి పోతాడు. ఇలా మిగిలినవాళ్ళు తరిగేదాకా సాగుతుంది. ఎవరి సేన ఎవరి మీద నిలబడుతుందో, ఎవరి మీద కూలిపోతుందో ముందు రాత్రే పట్టిక వేసుకోవాలి. సేనల జాబితాలు ముందుగానే అందరికీ అందుతాయి కాబట్టి ఆ పని చెయ్యొచ్చు, చెయ్యకపోతే మధ్యాహ్నానికే తేలిపోతుంది. కాబట్టి నేను బసని కొలిచేది ఒకే ప్రశ్నతో: రాత్రి ఎనిమిదిమందీ ఒక బల్ల చుట్టూ కూర్చోగలరా?

వీసాతో మొదలుపెడతాను. బెల్జియం షెంగెన్ దేశం, అంటే యూరప్‌లో ఒకే వీసాతో తిరగ్గలిగే దేశాల్లో ఒకటి. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు ఇవ్వొచ్చు. పెద్దవాళ్ళకి రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు, సేవాకేంద్రం ఛార్జీ వేరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి, అదనపు పరిశీలన ఉంటే 45 రోజుల దాకా సాగొచ్చు. మాది ఎనిమిదిమంది జట్టు, బెజవాడ, గుంటూరు, హైదరాబాద్ వాళ్ళం. ఒక్కరికి ఆలస్యమైనా జట్టు కుంటుపడుతుంది. అందుకని అందరం ఒకేసారి, హైదరాబాద్‌లో వేలిముద్రలిచ్చి వచ్చాం. నిర్వాహకుల ఆహ్వానపత్రం, జట్టు జాబితా, అందరికీ కలిపి ఉన్న ఒకే బస బుకింగు జతచేస్తే దరఖాస్తు బలంగా ఉంటుంది. "బొమ్మలాట పోటీ అని రాయకండి సార్, టూరిజం అని రాసేద్దాం" అని బెజవాడలో ఒక ఏజెంటు చెప్పాడు. మా కెప్టెన్ ఒప్పుకోలేదు. "ఉన్నది ఉన్నట్టు రాద్దాం తమ్ముడూ, దాచాల్సిన పనేం చేస్తున్నాం?" అన్నాడు. ఆయన మాటే నిలబడింది.

గన్నవరమా శంషాబాదా అన్నది మనవాళ్ళకి ఎప్పుడూ ఉండే తర్జనభర్జన. సాధారణ ప్రయాణానికి నా ఓటు గన్నవరానికే. సేన వెంట ఉంటే మాత్రం రోడ్డు మీదే వెళ్ళండి. గన్నవరం నుంచి హైదరాబాద్ వెళ్ళే ఏటీఆర్ విమానాల్లో తల మీది అరలు చిన్నవి, గట్టి పెట్టె పట్టదు, సామాన్లలో వేయమంటారు. వ్యాన్ మాట్లాడుకుని 65వ నంబరు జాతీయ రహదారి మీద బయల్దేరితే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి, నగరంలోకి దిగకుండానే శంషాబాద్ చేరతాం. పెట్టెలు మన కళ్ళ ముందే ఉంటాయి. అక్కణ్ణుంచి గల్ఫ్ మీదుగా బ్రస్సెల్స్. దోహా, దుబాయ్, అబూధాబీ మూడింటి నుంచీ విమానాలున్నాయి. మధ్యలో ఆగే సమయం మూడు గంటలకి తగ్గకుండా చూసుకోండి. టికెట్ కాస్త ఎక్కువైనా ఆ గంటలు కొనుక్కోవాల్సినవే.

బొమ్మలు చేతిసంచీలోనే వెళ్ళాలి, ఇందులో రాజీ లేదు. ఎకానమీ తరగతికి సాధారణంగా ఏడు కిలోలే. బొమ్మల అడుగున చిన్న అయస్కాంతాలు అతికించి, లోపల ఇనుప రేకు వేసిన పెట్టెలో నిలబెడితే స్పాంజి అక్కర్లేదు, బరువూ తగ్గుతుంది. బల్ల దగ్గర సేనని మోసుకు తిరిగే పళ్ళేన్ని నేను కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో చేయించాను. ఆ కర్ర ఎంత తేలికో చేత్తో పట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. దాని మీద వేసిన రంగుల్ని పోటీ హాల్లో చాలామంది ఆగి చూశారు, ఎవరు చేశారని అడిగారు. కొండపల్లి కళాకారుడి పనితనం గురించి పరాయి దేశపు ఆటగాళ్ళకి చెప్పే అవకాశం రావడం నాకు చాలా సంతోషం కలిగించింది.

ప్లాస్టిక్ జిగురు, వార్నిష్ స్ప్రే డబ్బాలు మండే సరుకు, ఏ సామాన్లోనూ పెట్టొద్దు. సూపర్ గ్లూ కూడా అక్కడే కొనుక్కోండి. కత్తులు, పట్టకార్లు చెక్-ఇన్ సామాన్లోకి, పవర్ బ్యాంకు చేతిసంచీలోకి. తనిఖీ దగ్గర అయస్కాంతాలూ రేకూ చూసి పెట్టె తెరవమంటారు. మర్యాదగా అడిగి మీరే తెరవండి. వెళ్ళేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే తిరిగొచ్చేటప్పుడు ఇవి అక్కడ కొన్నవా అన్న ప్రశ్న రాదు. ఖరీదైన సేన ఉన్నవాళ్ళు ఈ పని చేసి తీరాలి.

బ్రస్సెల్స్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంది. అక్కణ్ణుంచి మెకెలెన్‌కి నేరుగా రైలు, పావుగంట ప్రయాణం. ఈ ఊరికి రైలుతో పాత చుట్టరికం ఉంది: యూరప్ ప్రధాన భూభాగంలో తొలి ప్రయాణికుల ఆవిరి రైళ్ళలో ఒకటి 1835 మే 5న బ్రస్సెల్స్ నుంచి ఇక్కడికే నడిచింది. బస్సుల్లో బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. రవాణా విషయంలో నాకు వంక పెట్టడానికి ఏమీ కనపడలేదు.

బస విషయంలో మాత్రం తేడాలు చాలా ఉన్నాయి. మాలో ఇద్దరు ముందుగా రింగ్ రోడ్డు దగ్గర ఒక హోటల్ తీసుకున్నారు. గది శుభ్రం, పొద్దున ఫలహారం బాగుంది. కానీ రాత్రి ఎనిమిదిమంది కూర్చోడానికి చోటు లేదు, లాబీలో మాట్లాడుకుంటుంటే పది దాటాక లేవమన్నారు. మిగిలినవాళ్ళం డైల్ నది దగ్గర వంటిల్లున్న ఇల్లు అద్దెకి తీసుకున్నాం. మెట్లు ఇరుకు, ఏసీ లేదు, ఆగస్టు వేడికి పై గది ఉడికిపోయింది. అయినా నా మార్కులు ఆ ఇంటికే. భోజనాల బల్ల పెద్దది. దాని మీద అన్నం తిన్నాం, పట్టికలు వేశాం, విరిగిన ఈటెలు అతికించాం. రెండో రాత్రికి హోటల్లో ఉన్న ఇద్దరూ మా ఇంట్లోనే పక్కలేసుకున్నారు. చూడ్డానికి అందమైన బస కావాలంటే పాత చర్చిని హోటల్‌గా మార్చిన మార్టిన్స్ పాటర్స్‌హోఫ్ ఉంది, రంగుటద్దాల కిటికీలతో. ఇంటివాళ్ళతో వెళ్ళినప్పుడు అక్కడ దిగాలని ఉంది. పోటీకైతే వద్దు.

తిండి దగ్గర రెండు సంగతులు. ఒకటి, యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు సొంతానికి కూడా తీసుకెళ్ళకూడదు. నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలెయ్యండి. ఆవకాయ, గోంగూర, కందిపొడి, చింతపండు గుజ్జు చాలు. రెండోది, బెల్జియంలో వీధి వీధినా దొరికే బంగాళాదుంప ఫ్రైస్‌ని సంప్రదాయంగా ఎద్దు కొవ్వులో వేయిస్తారు. చాలాచోట్ల ఇప్పుడు నూనె వాడతారు, పట్టింపు ఉన్నవాళ్ళు అడిగి తినాలి. పోటీ హాల్లో శాండ్‌విచ్‌లూ కాఫీ తప్ప పెద్దగా ఏమీ లేవు, ధర ఎక్కువ. మేం పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకున్నాం. గడియారం పెట్టి ఆడే ఆట, మధ్యలో తినడానికి దొరికే సమయం తక్కువ. ఆదివారం కొట్లు చాలావరకు మూసి ఉంటాయి, శనివారమే సరుకులు తెచ్చుకోండి. శాకాహారులకి ఆంట్‌వెర్ప్ దగ్గరే, రైల్లో ఇరవై నిమిషాలు. వజ్రాల వ్యాపారం చేసే గుజరాతీ కుటుంబాలు స్థిరపడ్డ ఊరు కాబట్టి మన భోజనం వెతుక్కోనక్కర్లేదు.

ఆట ఫలితం క్లుప్తంగా: పట్టికలో కింది సగంలో నిలిచాం. ఒక జర్మన్ జట్టుతో సమం చేసిన రౌండు మాత్రం మాకెప్పటికీ గుర్తుంటుంది. నన్ను కావాలనే కష్టమైన సేన మీదకి పంపుతూ కెప్టెన్, "గెలవక్కర్లేదురా, ఎనిమిది తే చాలు" అన్నాడు. ఎనిమిదే తెచ్చాను. జట్టు మొత్తం 76. ఓడినా గెలిచినా ఎదుటివాళ్ళు చేయి కలిపి, మన బొమ్మల రంగుల గురించి ఆప్యాయంగా అడిగే తీరు ఈ పోటీలకి పెద్ద ఆకర్షణ.

చూడాల్సినవి. మెకెలెన్‌లో సెయింట్ రుంబోల్డ్ గోపురం 97 మీటర్లు, 538 మెట్లు. 1687లో ఒక రాత్రి మబ్బుల్లోంచి పడ్డ వెన్నెల ఎర్రదనం చూసి గోపురం అంటుకుందనుకుని ఊరంతా నీళ్ళతో పరిగెత్తిందని చెబుతారు. నెక్కర్‌స్పూల్ స్టేషన్ పక్కన బొమ్మల మ్యూజియం ఉంది. బ్రస్సెల్స్ సగం పూట చాలు.

నెపోలియన్ ఓడిపోయిన యుద్ధభూమి వాటర్లూకి మాత్రం పూర్తి రోజు ఇవ్వండి. బ్రస్సెల్స్ నుంచి బ్రెన్-లాల్యూ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. 226 మెట్లెక్కి సింహం దిబ్బ మీద నిలబడితే 1815 జూన్ 18 నాటి పొలాలన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. మా ఆట ఆడేవాళ్ళకి ఇక్కడ ఇంకో బంధం ఉంది. ఆ రోజు బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ పక్కన ప్రష్యా సైన్యం తరఫున అనుసంధాన అధికారిగా ఉన్నవాడు మ్యుఫ్లింగ్. తొమ్మిదేళ్ళ తర్వాత, 1824లో, ప్రష్యా సైనికాధిపతుల కార్యాలయానికి పెద్దగా ఉన్నది ఆయనే. రైస్విట్స్ అనే యువ అధికారి పటం మీద దిమ్మలతో, పాచికలతో ఆడే క్రీగ్‌స్పీల్‌ని తీసుకొచ్చి చూపిస్తే, సైన్యమంతా నేర్చుకోవాలని సిఫారసు చేశాడు. ఈనాటి యుద్ధక్రీడలకి పూర్వీకుడు ఆ ఆటే. ఆ పొగలో, ఆ బురదలో రోజంతా నిలబడ్డ మనిషికి బల్ల మీది ఆట విలువ తెలిసిందంటే నాకు ఒళ్ళు పులకరించింది. దిబ్బ దిగాక ఊగూమాన్ పొలం ఇంటిదాకా నడవండి, నీడ తక్కువ, నీళ్ళు తీసుకెళ్ళండి. తిరుగు విమానానికి ముందు ఒక్క రోజే మిగిలితే, బ్రూజెస్ జనసందోహాన్ని వదిలేసి ఇక్కడికే రావాలన్నది నా మాట.